పిల్లవాడి గురించి రాసే రెండు వాక్యాలు

(రాజమహేంద్రవరంలో ఆస్వాల్డ్ కూల్డ్రే స్మృత్యర్థం చేసిన ప్రసంగం)



ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న మనిషి పుట్టుకతో ఈ ఊరివారు కారు. ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ ఆయన ఊరు. ఆక్స్‌ఫర్డులో చదివి, విద్యాశాఖ ఉద్యోగంలో మన దేశానికి వచ్చి, 1909 నుంచి 1919 వరకు ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపల్‌గా ఉన్నారు. వినికిడి తగ్గిపోవడంతో ఉద్యోగం విడిచి స్వదేశం వెళ్లిపోయారు. వెళ్లాక కూడా మనల్ని మరిచిపోలేదు. 1920లో వచ్చిన పుస్తకానికి ‘థేమ్స్ అండ్ గోదావరీ’ అని పేరు పెట్టుకున్నారు. 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ ప్రచురించారు. 1958లో కన్నుమూశారు.

ఆయన దగ్గర చదువుకున్నవారి పేర్లు చూడండి. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు. ఒకరు చిత్రకారుడు, ఒకరు కవి, నవలాకారుడు, చిత్రకారుడు అన్నీను, ఇంకొకరు కవి, కథకుడు. ఒక కళాశాలలో, పదేళ్ల వ్యవధిలో, ఒక ప్రిన్సిపల్ చుట్టూ ఇంతమంది పోగవడం దానంతటదే జరగదు. కూల్డ్రే గారు స్వయంగా నీటిరంగుల బొమ్మలు వేసేవారు, పద్యాలు రాసేవారు. ఏ కుర్రవాడి చేతిలో ఏముందో పోల్చుకోగలిగేవారు. పోల్చుకున్నదాన్ని ఆ కుర్రవాడికి చెప్పేవారు.

ఆ చూపును చాలామంది పెద్దలు ఇదివరకే కొనియాడారు. నేను ఈ పూట అడిగేది ఒక్కటే. ఉపాధ్యాయుడు చూసింది కాగితం మీదికి ఏ మాటలతో రావాలి? ప్రోగ్రెస్ కార్డు చివర ‘ఉపాధ్యాయుని అభిప్రాయం’ అని రెండు గీతల జాగా ఉంటుంది. మన పిల్లల చదువులో అంత తక్కువ జాగాలో అంత పెద్ద పని జరిగే చోటు ఇంకొకటి లేదని నా నమ్మకం. ఆ రెండు గీతల గురించే ఈ ఉపన్యాసం.

1

మొదట ఆ జాగాలో మనం ఇప్పుడు రాస్తున్నవి చూద్దాం. ‘బాగు.’ ‘చాలా బాగు.’ ‘ఫర్వాలేదు.’ ‘శ్రద్ధ అవసరం.’ ‘ఇంకా కష్టపడాలి.’ మన రెండు గోదావరి జిల్లాల బళ్లలో ఏ కార్డు తీసినా ఈ అయిదింటిలో ఒకటి కనపడుతుంది. ప్రైవేటు బడి అయితే అవే మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. బడి విడిచి వెళ్లేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రంలో ‘ప్రవర్తన సంతృప్తికరం’ అని ఉంటుంది. పదేళ్లు మన కళ్లముందు పెరిగిన పిల్లవాడికీ అదే, నిరుడు చేరిన పిల్లవాడికీ అదే.

వీటిలో అబద్ధం లేదు. కానీ చదివినవాళ్లకు వీటితో చెయ్యగలిగిందేమీ లేదు. తణుకు దగ్గర ఒక పల్లెటూరి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరుగుతుంటే ఒకాయన కార్డు పట్టుకొచ్చి అడిగాడు: “ఇంకా కష్టపడాలని రాశారండీ. తెల్లవారుజామున అయిదింటికే లేపి కూర్చోబెడుతున్నానండి. నాలుగింటికి లేపమంటారా?” ఆయన మనస్ఫూర్తిగానే అడిగాడు. కష్టపడాలి అన్న మాటకు ఆయనకు తెలిసిన అర్థం ఎక్కువసేపు కూర్చోవడం. పిల్లవాడికి కావలసింది ఎక్కువసేపు కాదు. వాడికి భాగహారంలో శేషం ఎందుకు మిగులుతుందో తెలియలేదు, అంతే. ఆ సంగతి కార్డు మీద ఉంటే ఆ తండ్రి పక్కింటి ఇంటర్ కుర్రాణ్ణి పిలిచి, పది గోళీలు ముగ్గురికి పంచించి చూపించేవాడు.

మనం వరదల ప్రాంతం వాళ్లం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదావరి ‘బాగా’ వస్తోందనీ, ‘ఫర్వాలేదు’ అనీ ఎవరూ చాటింపు వెయ్యరు. లంకలో ఉన్న మనిషి ఆ అంకె వింటాడు, గొడ్లను ఎప్పుడు గట్టు మీదికి తోలాలో, పడవ ఎప్పుడు ఎక్కాలో నిర్ణయించుకుంటాడు. పిల్లవాడి గురించి రాసే మాట కూడా ఆ పని చెయ్యాలి. చదివిన మనిషికి రేపు పొద్దున్న ఏం చెయ్యాలో తెలియాలి.

ఒక లెక్క చెబుతాను. బొమ్మూరు డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) నుంచి వచ్చిన ఛాత్రోపాధ్యాయులు దయచేసి రాసుకోండి. నాలుగో తరగతి పిల్ల 402లోంచి 157 తీసెయ్యమంటే 355 అని వేసింది. రావలసింది 245. ‘లెక్కల్లో వీక్’ అని రాసి ఊరుకోవచ్చు. కాని ఆ 355 ఎలా వచ్చిందో ఒక్క నిమిషం చూడండి. ఒకట్ల స్థానంలో 2 కింద 7 ఉంది. రెండులోంచి ఏడు పోదు కనక ఏడులోంచి రెండు తీసి 5 వేసింది. పదుల స్థానంలో సున్నా కింద 5. అయిదులోంచి సున్నా తీసి 5 వేసింది. వందల్లో నాలుగులోంచి ఒకటి పోతే 3. అంటే ఆ పిల్లకు తీసివేత వచ్చు, అంకెల విలువ కూడా తప్పులేదు. ఎక్కడ ఉన్నా సరే పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసెయ్యాలని తనకు తనే ఒక సూత్రం కట్టుకుని, దాన్ని మూడు స్థానాల్లోనూ ఒక్కచోట కూడా తప్పకుండా పాటించింది. ఇది మందబుద్ధి పని కానే కాదు. ఈ పిల్ల కార్డు మీద ఇలా రాయాలి: ‘చిన్న అంకెల తీసివేత తప్పు లేకుండా చేస్తుంది. పై అంకె చిన్నదైనప్పుడు పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం లేదు. పది పుల్లల కట్ట విప్పి చూపిస్తున్నాం. ఇంట్లో పదిరూపాయల నోటు, రూపాయి బిళ్లలతో ఆడించండి.’

నాలుగు చిన్న వాక్యాలు. ఇవి ఆ పిల్లకు తప్ప ఆ తరగతిలో ఇంకెవరికీ అతకవు. నేను పెట్టే పరీక్ష ఇదే. మీరు రాసిన మాటను పక్క పిల్లవాడి కార్డు మీద అతికించి చూడండి. అతికిందంటే మీరింకా ఏమీ రాయనట్టే.

2

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మనం రాసే మాటలు చాలావరకు పిల్లవాడికి పెట్టే పేర్లు. మొద్దు, చురుకు, మందం, అల్లరి, మొండి, తెలివైనవాడు. స్టాఫ్‌రూములో మాట్లాడుకునేటప్పుడు డల్, యావరేజ్, బ్రిలియంట్. గ్రేడ్లు వచ్చాక ‘సి గ్రేడు పిల్లలు’ అనడం కూడా అలవాటయింది. పేరు పెట్టడం తేలిక. పెట్టిన పేరు ఊడబెరకడం చాలా కష్టం. మూడో తరగతిలో ఒక మేష్టారు ‘మొండిఘటం’ అన్నమాట ఏడో తరగతి దాకా పిల్లవాడి వెంట వస్తుంది. కొత్తగా వచ్చిన మేష్టారు పిల్లవాణ్ణి చూడకముందే ఆ మాట వినేస్తారు.

పేరు బదులు పని రాయండి. వాడు ఏమిటో వద్దు, వాడు ఏం చేశాడో రాయండి. ‘చదవడంలో వెనకబడ్డాడు’ అనేది పేరు. దాన్ని పనిగా మార్చాలంటే వాడి పక్కన కూర్చుని చదివించుకోవాలి. అప్పుడు ఇలా రాయగలుగుతాం: ‘గుణింతాలు తడుముకోకుండా చదువుతాడు. అమ్మ, అక్క, ఎద్దు వంటి ద్విత్వాలు వచ్చు. పద్మ, సూర్యుడు వంటి మాటల దగ్గర వత్తును వదిలేసి పద, సూరుడు అని చదివాడు.’ ఇప్పుడు వెనకబాటు అనే మబ్బు పోయింది. సంయుక్తాక్షరాలు అనే ఒక చిన్న పని మిగిలింది. రోజుకు పదిహేను మాటలు నేర్పితే కొద్ది వారాల్లో తీరిపోయే పని అది.

అల్లరి సంగతీ అంతే. ‘క్రమశిక్షణ లేదు’ అని రాశామంటే తండ్రి బెల్టు తీస్తాడు. నిజంగా జరిగింది రాయండి: ‘తన పని పది నిమిషాల్లో ముగించి, మిగతా సమయం పక్కవాళ్ల దగ్గరికి లేచి వెళుతున్నాడు.’ చదివినవాళ్లకు వెంటనే తడుతుంది, వీడికి పని చాలడం లేదని. వీడికి మరో రెండు లెక్కలివ్వాలి. దెబ్బలు అక్కర్లేదు.

ఎప్పుడూ, అసలు, ఏమాత్రం, బొత్తిగా. ఈ నాలుగు మాటలను ప్రోగ్రెస్ కార్డులోకి రానివ్వకండి. ‘హోంవర్కు ఎప్పుడూ చెయ్యడు’ అని రాస్తే, చేసిన మూడు రోజులూ ఆ పిల్లవాడికి గుర్తుంటాయి. మేష్టారు తనను చూడలేదని వాడికి ఆ క్షణానే తెలిసిపోతుంది. ‘ఈ నెలలో నాలుగు సార్లు హోంవర్కు తేలేదు, నాలుగూ సోమవారాలే’ అని రాస్తే వాడు కాదనలేడు. ఆదివారం ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తల్లిదండ్రులూ ఆలోచిస్తారు.

దీనికి అటువైపు ఇంకో తెగులు ఉంది. అది శాఖాపరమైన భాష. ‘అభ్యసన సామర్థ్యాల సాధనలో సంతృప్తికర స్థాయిని కనబరుస్తున్నాడు.’ 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలంది. మన రాష్ట్రంలో దాని కోసం మంచి పట్టికలే తయారయ్యాయి. తెలుగు తీసుకుంటే అవగాహన – ప్రతిస్పందన, వ్యక్తీకరణ – సృజనాత్మకత, భాషాంశాలు అని విద్యాప్రమాణాలు విడదీశారు. ఎక్కడ చూడాలో ఉపాధ్యాయుడికి చెప్పడానికి ఆ పట్టిక పుట్టింది. ఆ శీర్షికనే తీసుకొచ్చి పిల్లవాడి కార్డు మీద దించేస్తే అది చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టడమవుతుంది. వ్యక్తీకరణ అన్న శీర్షిక కింద మనం రాయవలసింది వేరు. ‘వరద మీద వ్యాసంలో నీళ్లు వాకిట్లోకి వచ్చిన ఘట్టం కళ్లకు కట్టించింది. తరవాత ఏమైందో చెప్పకుండా ఆపేసింది. ముగింపు మళ్లీ రాయమన్నాను.’ ఇదీ వ్యక్తీకరణ.

3

ఇంతవరకు మాటల గురించి చెప్పాను. నిజానికి ఇది మాటల పేదరికం కాదు. తెలుగులో పనితనాన్ని చెప్పడానికి మాటలకు లోటు లేదు. చూడనప్పుడు ఎంత పండితుడికైనా ‘బాగు’ అన్న మాటే వస్తుంది.

కూల్డ్రే గారి దగ్గరికి మళ్లీ వెళదాం. దామెర్ల రామారావు 1897లో ఇక్కడే పుట్టాడు. కాలేజీ పాఠాల కంటే బొమ్మల మీదే మనసున్న కుర్రవాడు. పరీక్ష కాగితాలనే ఆధారం చేసుకుని ఆ రోజుల్లో ఎవరైనా అతని గురించి రాయవలసి వస్తే ‘చదువులో శ్రద్ధ చాలదు’ అనే రాసి ఉండేవారు. అదీ అబద్ధం కాదు. కానీ కూల్డ్రే గారు చూసింది వేరు. ఈ కుర్రవాడికి గీత పట్టుబడింది, రంగు పట్టుబడింది, ఇతను వెళ్లవలసిన చోటు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ అని గుర్తించారు. ఆయన ప్రోత్సాహంతో రామారావు 1916లో అక్కడ చేరాడు. తిరిగి వచ్చి ఈ ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టి శిష్యులను తయారుచేశాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయేనాటికి అతనికి ఇంకా 28 నిండలేదు. ‘పుష్పాలంకారం’, ‘సిద్ధార్థ రాగోదయం’ ఇవాళ కూడా ఈ ఊళ్లో రామారావు పేరు మీద ఉన్న చిత్రశాలకు వెళ్లి చూడవచ్చు. ఇక్కడున్న ఛాత్రోపాధ్యాయుల్లో ఇంకా చూడనివాళ్లుంటే బొమ్మూరు బస్సెక్కేముందు ఒకసారి వెళ్లి రండి.

ఇందులో మనకు పాఠం ఒకటుంది. ‘ఈ అబ్బాయి కళాకారుడు’ అన్నంత మాత్రాన రామారావు బొంబాయి చేరడు. ఏ పని వచ్చు, ఎంత వచ్చు, ఇంకా ఏది నేర్చుకోవాలి, అది ఎక్కడ నేర్పుతారు అనే నాలుగూ తెలిసిన గురువు ఉన్నాడు కనక చేరాడు.

ఇదే ఊరికి సంబంధించిన మరో ముచ్చట. టంగుటూరి ప్రకాశం గారు ఒంగోలులో చదువుకునే రోజుల్లో ఆకతాయి పిల్లవాడే. ‘నా జీవిత యాత్ర’లో ఆ సంగతులు ఆయనే దాచకుండా రాసుకున్నారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఆ ఆకతాయితనం వెనకాల ఉన్న ధైర్యాన్నీ, నాటకాల్లో బయటపడిన వాక్కునూ చూశారు. తాను రాజమండ్రి వస్తూ ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ఆ కుర్రవాడు తరవాత ఈ ఊరి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు, 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. అల్లరివాడనే పేరు దగ్గరే గురువు ఆగిపోయి ఉంటే ఆ దారి ఎటు పోయేదో ఎవరూ చెప్పలేరు.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. కూల్డ్రే గారి కాలం వేరండీ, మా తరగతిలో యాభై మంది, ఏకోపాధ్యాయ పాఠశాలైతే అయిదు తరగతులూ ఒకరే, ఇక కూర్చుని చూసేదెప్పుడు? న్యాయమైన ప్రశ్న. మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లోకి ఎక్కించడానికి పొద్దు సరిపోయే రోజులు మన ఉపాధ్యాయులు చూశారు. పిల్లవాడిని చూడవలసిన కళ్లను ఫోను తెర మీదికి తిప్పి, తరవాత అభిప్రాయాలు నిశితంగా ఉండాలని సర్క్యులర్ పంపడం అన్యాయం. ఆ మాట అధికారులున్న ఈ సభలోనే చెబుతున్నాను.

అయినా పద్ధతి ఒకటుంది. యాభై మందిని ఒక్కరోజున చూడలేం. కార్డులు రాసే ముందు రాత్రి అందరినీ గుర్తు తెచ్చుకోలేం. రోజుకు ముగ్గుర్ని ఎంచుకోండి. జేబులో పట్టే చిన్న పుస్తకం పెట్టుకోండి. ఆ ముగ్గురి పేర్ల ఎదురుగా ఆ రోజు కంటపడ్డ ఒక్కొక్క సంగతి రాయండి. విశేషణం వద్దు, సంగతి కావాలి. ‘పటంలో కాకినాడ చూపించమంటే తీరం వెంట వేలు జరుపుకుంటూ వెళ్లి చూపించాడు.’ ‘పద్యం అప్పజెప్పింది, అర్థం అడిగితే మొదటి పాదానికే చెప్పింది.’ మూడు నాలుగు వారాలు తిరిగేసరికి తరగతి అంతా ఒకసారి వస్తుంది. నాలుగు ఎఫ్.ఎ.లు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్షలు) అయ్యేసరికి ఒక్కొక్క పిల్లవాడి మీద బోలెడు సంగతులు మీ చేతిలో ఉంటాయి. ఇంకొక లాభం కూడా ఉంది. వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునే పిల్లలు, మంచివాళ్లూ కాక చెడ్డవాళ్లూ కాక మన చూపు జారిపోయే పిల్లలు, ఈ వంతుల్లో తప్పనిసరిగా కంటపడతారు.

4

మెచ్చుకోలు గురించి కొంచెం చెప్పాలి. చాలామంది మంచి ఉపాధ్యాయులు కూడా ఇక్కడ ఉదారంగా ఉంటే చాలనుకుంటారు.

అమెరికాలో మ్యుయెలర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. మన అయిదో తరగతి వయసు పిల్లలకు కొన్ని చిక్కు ప్రశ్నలిచ్చి, అవి చేశాక కొందరిని ‘నువ్వు తెలివైనదానివి’ అని మెచ్చుకున్నారు. కొందరిని ‘బాగా కృషి చేశావు’ అని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తరవాత తేలికపాటి పని వైపు మొగ్గారు. కఠినమైనవి ఇచ్చి, అవి రాక ఓడిపోయాక వాళ్లు ముందుకన్నా తక్కువ చేశారు. కృషిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పని కావాలన్నారు. ఇది మన ఇళ్లలో రోజూ జరిగేదే. ‘మావాడు బ్రిలియంటండీ’ అని చుట్టాల ముందు పదిసార్లు అనిపించుకున్న పిల్లవాడు, ఇంటర్లో మొదటి వారాంతపు పరీక్షలో ర్యాంకు జారితే ఎంత కుంగిపోతాడో ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పనక్కర్లేదు. బ్రిలియంట్ అన్న మాట వాడికి చేతికర్ర ఇవ్వదు. ‘ఒక పద్ధతిలో రాకపోతే రెండో పద్ధతి వెతుక్కున్నావు’ అన్న మాట ఇస్తుంది.

ఇంకో పరిశోధన మన కార్డులకు సూటిగా వర్తిస్తుంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించినది. కొంతమంది పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొంతమందికి వ్యాఖ్య మాత్రమే, కొంతమందికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది, ఆసక్తి కూడా నిలిచింది. రెండూ అందుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు. అంకె కనపడగానే కళ్లు దాని మీదే ఆగిపోతాయి. మన ఇంట్లో కార్డు తెరిస్తే ముందు ఎన్ని వచ్చాయి, తరవాత పక్కింటి వాళ్లకెన్ని వచ్చాయి అని చూడటం లేదా? అంచేత కనీసం రోజువారీ నోటుపుస్తకాల మీదనైనా మార్కు మానేసి మాట రాయండి. స్లిప్ టెస్టు కాగితం ఇచ్చేటప్పుడు ముందు వ్యాఖ్య ఇచ్చి, తప్పు దిద్దుకున్నాక మార్కు చెప్పండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

5

ఇక ఎవరికోసం రాస్తున్నాం, ఏ తెలుగులో రాస్తున్నాం?

గిడుగు రామమూర్తి పంతులు గారు 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోవడంతో ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. ఆయన జీవితమంతా బడిలో పిల్లలకు వాళ్లు మాట్లాడే భాష అందాలని పోరాడారు. సవర పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకుని వాచకాలు రాశారు. పాఠ్యపుస్తకాల విషయంలో ఆ పోరాటం ఎప్పుడో గెలిచింది. ప్రోగ్రెస్ కార్డు విషయంలో ఇంకా మొదలు కాలేదు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడి కూతురి కార్డు మీద ఇంగ్లీషులో ‘నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్’ అని ఉంటుంది. ఆ తండ్రి దాన్ని ఎవరిచేత చదివించుకోవాలి? ఆ పిల్లచేతే. చదివాక ఆ పిల్ల ఏం చెబితే అదే అర్థం. తండ్రికి తెలిసిన తెలుగులో, తల్లి బిగ్గరగా చదివితే ముసలమ్మకు కూడా అర్థమయ్యే తెలుగులో రాయండి. ఆ ఇంట్లోని పనితనానికి సంబంధించిన మాటలు దొరికితే వాడుకోండి. ఉప్పాడ జాందానీ నేసే ఇంటి పిల్ల కొలతల లెక్కల్లో ముందుంటే, ‘నేతలో పోగులు లెక్కపెట్టే అలవాటు ఇక్కడ కనపడుతోంది’ అని రాయండి. చదువుకోని తల్లికి తన పని కూడా చదువేనని ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

ఆడపిల్లల కార్డులూ మగపిల్లల కార్డులూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. ఆడపిల్లకు అణకువ, శుభ్రమైన చేతిరాత, చెప్పినమాట వినడం. మగపిల్లవాడికి చురుకుదనం, తెలివి, ప్రశ్నించే గుణం. ఇద్దరూ ఒకే లెక్కను ఒకే విధంగా చేసి ఉంటారు. అతనిది తెలివి అయింది, ఆమెది శ్రద్ధ అయింది. ఎవరూ కావాలని రాసింది కాదు, అయినా అన్యాయమే. చేసిన పనిని రాస్తే ఈ తేడా దానంతటదే రాలిపోతుంది. ‘సమస్యను బొమ్మ వేసుకుని అర్థం చేసుకుంది’ అన్న వాక్యానికి ఆడామగా భేదం లేదు.

కులం సంగతీ దాచకూడదు. 1909లో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఇదే ఊళ్లో దళిత పిల్లల కోసం రామమోహన పాఠశాల తెరిచారు. ఆ పిల్లలకు చదువు అబ్బదని ఊరంతా అనుకునే రోజులవి. ఇప్పుడు ఆ మాట ఎవరూ కార్డు మీద రాయరు. ‘ఇంటి వాతావరణం అనుకూలంగా లేదు’ అని రాస్తారు. ఆ ఇల్లు మీరు చూశారా? చూస్తే ఏం చూశారో రాయండి. దీపం లేదా, చదువుకునే చోటు లేదా, పొద్దుటే తమ్ముణ్ణి చూసుకోవాలా? చూడకపోతే ఆ మాట కొట్టెయ్యండి. మొదటి తరం చదువుకునే పిల్లవాడి విషయంలో మన మాట తూకం రెండింతలు. వాడి ఇంట్లో మన మాటను కాదని చెప్పగలిగినవాళ్లు ఉండరు.

6

చివరిది, క్లుప్తంగా. ఇప్పుడు సమగ్ర ప్రగతి పత్రాలు వచ్చాయి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్లలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిపి, ఆ పత్రాలు చేతికిచ్చారు. తల్లిదండ్రులు బడికి వచ్చి కూర్చోవడం గొప్ప మేలు, నేను మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాను. అయితే కార్డు పెద్దదయ్యే కొద్దీ గడులు పెరుగుతాయి. గడులు పెరిగే కొద్దీ టిక్కులు పెరుగుతాయి. కొన్ని ప్రైవేటు బళ్లలో కంప్యూటరే సిద్ధంగా ఉన్న వాక్యాల పట్టీ చూపిస్తుంది, ఉపాధ్యాయుడు నొక్కితే చాలు. అలా నొక్కిన వాక్యం ఎంత అందంగా ఉన్నా నేను పైన చెప్పిన అతికింపు పరీక్షలో నిలవదు. అది వంద కార్డుల మీద ముందే అతికించి ఉంది.

అధికారులను నేను కోరేది రెండు సంగతులు. కార్డులో నాలుగు గడులు తగ్గించి, చేతిరాతకు నాలుగు గీతలు ఎక్కువ ఇవ్వండి. డైట్‌లోనూ, బి.ఇడి. కళాశాలల్లోనూ పిల్లవాడి పనిని చూసి అభిప్రాయం రాయడాన్ని పాఠ్య ప్రణాళిక రాయడంతో సమానంగా, నిజమైన నోటుపుస్తకాలు ముందు పెట్టి నేర్పండి.

తల్లిదండ్రులను ఒక్కటి కోరుతున్నాను. ‘శ్రద్ధ అవసరం’ అన్న కార్డు వస్తే సంతకం పెట్టి పంపెయ్యకండి. బడికి వెళ్లి, ‘దేనిలో అండీ, ఏ చోట ఆగుతున్నాడండీ’ అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చే ఎఫ్.ఎ. కార్డులు మీ బల్ల మీదికి రావడానికి ఇంకా వ్యవధి ఉంది. తరగతి మొత్తానికి కాకపోయినా, ముందుగా ఒక అయిదుగురికి రాయండి. ఎవరి గురించి రాయడానికి మీకు ఇప్పుడు ఏ మాటా తోచడం లేదో ఆ అయిదుగురినే ఎంచుకోండి. రేపు ఉదయం మొదటి పీరియడులో వాళ్ల పక్కన కూర్చోండి.